అంతరాయానికి చింతిస్తున్నాం

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ ఒక నల్లటి నెక్స్ట్ కంప్యూటర్. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాశాలలో టిమ్ బెర్నర్స్-లీ వాడిన మెషీన్. 1990 చివరికల్లా దాని మీద వెబ్ నడవడం మొదలైంది. ఆ పెట్టె ఇప్పటికీ ఉంది. దాని మీద ఒక లేబుల్ అంటించి ఉంటుంది, ఎర్ర సిరాతో చేత్తో రాసింది: "ఈ మెషీన్ ఒక సర్వర్. దీన్ని ఆపెయ్యొద్దు!!" రెండు ఆశ్చర్యార్థకాలూ నావి కావు, అక్కడివే.

ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, కాస్త భయం కూడా వేస్తుంది. ఎవరో కంప్యూటర్ ఆన్‌లో వదిలేసి వెళ్ళారే అనుకుని, పాపం మంచి మనసుతోనే స్విచ్ నొక్కే మనిషి కోసం రాసిన కాగితం అది. తొలి రోజుల్లో ఆ స్విచ్ నొక్కితే ప్రపంచంలో ఉన్న వెబ్ మొత్తం ఆగిపోయేది. ఇంకో సంగతి ఆలస్యంగా తట్టింది నాకు. ఆ నోటీసు స్విచ్ దగ్గర నిలబడ్డ మనిషికి. అవతల ఎక్కడో కూర్చుని పేజీ చదువుతున్న మనిషికి, "కాసేపట్లో ఇది ఆగిపోతుంది" అని చెప్పడానికి అక్కడ ఏ ఏర్పాటూ లేదు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ ఏర్పాటు సరిగ్గా కుదరలేదు.

సర్వర్లు నడపడం నా ఉద్యోగం. నడపడంలో ఆపడం కూడా భాగమే. ఆపేముందు జనానికి చెప్పడం అందులో అన్నిటికంటే చిన్న పని, ఎవరూ ఇష్టంగా చెయ్యని పని. సాధారణంగా టీమ్‌లో ఇంగ్లీషు కాస్త బాగా వచ్చినవాడి నెత్తిన పడుతుంది. మా దగ్గర ఆ వాడు నేనే. అలా ఒకసారి రాయాల్సి వచ్చినప్పటి నుంచీ, ఈ నోటీసుకి ఒక చరిత్ర ఉందేమో చూద్దామని వెతుకుతూ వచ్చాను. ఉంది. అది వెబ్ కంటే ముందే మొదలైంది.

అప్పట్లో ఒక పెద్ద మెషీన్, దానికి తీగలతో తగిలించిన కొన్ని పదుల టెర్మినళ్ళు. విశ్వవిద్యాలయాల్లో, ప్రయోగశాలల్లో అందరూ ఒకే మెషీన్ మీద కూర్చునేవాళ్ళు. నా ప్రోగ్రామూ, మీ థీసిస్సూ ఒకే చోట. మరి ఆ మెషీన్‌ని మరమ్మతు కోసం ఆపాల్సి వస్తే? యూనిక్స్‌లో 'వాల్' అని ఒక కమాండ్ ఉంటుంది. దాంతో ఏది రాసినా ఆ క్షణాన లాగిన్ అయి ఉన్న ప్రతి ఒక్కరి తెర మీదా పడుతుంది. వాళ్ళు ఏం చేస్తున్నా సరే, మధ్యలో దూరి మరీ. మన ఊళ్ళలో దండోరా లాంటిది. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, అని మొదలుపెట్టకపోవడం ఒక్కటే తేడా.

1980లో బర్క్‌లీ నుంచి వచ్చిన 4.0 బీఎస్‌డీలో ఈ దండోరాని 'షట్‌డౌన్' అనే కమాండ్‌లోకి చేర్చారు. ఆ కమాండ్ తర్వాతి రూపాలు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. దాని పద్ధతి చూడండి. ఎప్పుడు ఆపాలో ముందే చెబితే, పది గంటల ముందు నుంచి హెచ్చరికలు మొదలుపెడుతుంది. తర్వాత ఐదు గంటలప్పుడు, రెండు గంటలప్పుడు, గంట ముందు, అరగంట, ఇరవై నిమిషాలు, పది, ఐదు, రెండు, ఒకటి, చివరికి ముప్ఫై సెకన్లు. 'ప్రళయం దగ్గర పడేకొద్దీ' హెచ్చరికలు దగ్గర దగ్గరగా వస్తాయని దాని మాన్యువల్లోనే ఉంది. మాన్యువల్ రాసేవాళ్ళకి హాస్యం ఉండకూడదని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఇది చదివి ఉండరు. ఇంకో మర్యాద కూడా ఉంది అందులో. ఆపడానికి ఐదు నిమిషాల ముందు కొత్తవాళ్ళని లోపలికి రానివ్వడం మానేస్తుంది. వచ్చినవాళ్ళకి తలుపు దగ్గరే అదే సందేశం చూపించి పంపేస్తుంది. లోపలున్నవాళ్ళు తమ పని సేవ్ చేసుకుని బయటపడొచ్చు.

ఇదంతా సాధ్యమైంది ఒకే ఒక్క కారణం వల్ల. లోపల ఎవరెవరు ఉన్నారో ఆ మెషీన్‌కి తెలుసు. దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. 'హూ' అని టైప్ చేస్తే పేర్లు వస్తాయి, ఎవరు ఏ టెర్మినల్ మీద, ఎప్పుడు వచ్చి కూర్చున్నారో కూడా వస్తుంది. చావు కబురైనా సరే, ఎవరికి చెప్పాలో తెలిస్తేనే కదా చెప్పగలం.

వెబ్ వచ్చి ఈ జాబితాని చింపేసింది. కావాలనే చింపింది. 1991 నాటి తొలి హెచ్‌టీటీపీ ఎంత చిన్నదంటే, బ్రౌజర్ ఒక్క లైను పంపుతుంది, ఫలానా పేజీ ఇవ్వు అని. సర్వర్ పేజీ ఇచ్చి, ఫోన్ పెట్టేస్తుంది. అంతే. మీరెవరు, ఆ పేజీ చదువుతున్నారా, చదివేశారా, ఇంకో పేజీ అడుగుతారా, ఇవేమీ దానికి అక్కర్లేదు. రేషన్ షాపు కిటికీ అనుకోండి. సంచి పట్టుకుని వచ్చినవాడికి బియ్యం పోసి, తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ బియ్యం ఎవరింట్లో ఉడుకుతున్నాయో డీలర్‌కి తెలీదు. తెలుసుకోవాలని కూర్చుంటే లైను కదలదు.

ఈ మతిమరుపే వెబ్‌ని నిలబెట్టింది. పాత యూనిక్స్ మెషీన్ కొన్ని పదుల మందిని గుర్తుపెట్టుకుని మోసేది. ఎవరినీ గుర్తుపెట్టుకోని వెబ్ సర్వర్ అంతే బలంతో వేలమందికి పేజీలు పంచగలదు. తర్వాత కుకీలు, లాగిన్లు వచ్చి కొంత జ్ఞాపకాన్ని అతికించాయి గానీ, పునాది మాత్రం అదే. నేను సర్వర్ ఆపిన క్షణంలో మీరు దాని పేజీ ఒకటి చదువుతున్నారనుకుందాం. మీ తెర మీద ఏమీ జరగదు. అక్షరాలన్నీ అలాగే ఉంటాయి. వెలుగు మనదాకా వస్తూనే ఉంటుంది, నక్షత్రం మాత్రం ఆరిపోయి ఉంటుంది అంటారే, ఆ పోలిక ఇక్కడ అతిశయోక్తి కాదు. తర్వాతి లింకు నొక్కినప్పుడు తెలుస్తుంది. అదీ సర్వర్ చెప్పదు. జవాబు రాలేదని మీ బ్రౌజర్ చెబుతుంది.

కాబట్టి వెబ్‌లో దండోరా లేదు. మిగిలింది షట్టర్ మీద కాగితం. వచ్చినవాళ్ళు చదువుకుంటారు.

ఆ కాగితాలకి నంబర్లు ఇచ్చారు. 1996 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1945లో 503 ఉంది: సేవ ప్రస్తుతం అందుబాటులో లేదు. టీవీ అంటే దూరదర్శన్ మాత్రమే అయిన రోజుల్లో ప్రసారం ఆగిపోతే తెర మీదికి "అంతరాయానికి చింతిస్తున్నాం" అని కార్డు వచ్చేది గుర్తుందా? 503 అదే. మా ఇంట్లో ఆ కార్డు వచ్చినప్పుడు ఎవరూ లేచి వెళ్ళేవాళ్ళు కాదు, దాన్నే చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎంతసేపు చింతిస్తారో చెప్పేవాళ్ళు కాదు మరి. 503లో ఒక మెరుగు ఉంది. దాని వెనక 'రిట్రై-ఆఫ్టర్' అని ఒక వాక్యం జోడించొచ్చు, ఇన్ని సెకన్ల తర్వాత రండి అనో, ఫలానా తేదీకి రండి అనో. ఎంత బాగుందో కదా. కానీ దాన్ని మీకు చూపించే బ్రౌజర్ నాకింతవరకూ తగల్లేదు. పట్టించుకునేది సెర్చ్ ఇంజన్ల క్రాలర్లు. సైటు తాత్కాలికంగా మూసినప్పుడు 503 పెడితే, ఇండెక్స్‌లోంచి పేజీలు వెంటనే తీసేయకుండా గూగుల్ రోబో మళ్ళీ వస్తుంది. మనిషికి రాసిన చీటీని రోబో చదువుకుంటోంది.

ఆ తర్వాతది 410, 1997 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2068తో వచ్చింది. మనందరికీ తెలిసిన 404కి అర్థం 'దొరకలేదు'. ఉండేదేమో, అసలు లేదేమో, మీరు తప్పు టైప్ చేశారేమో. 410కి అర్థం 'పోయింది'. ఉండేది, తీసేశాం, మళ్ళీ రాదు, మీ దగ్గరున్న లింకు కూడా తీసెయ్యండి. కొద్దికాలం నడిచే ప్రచార పేజీలకీ, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళ సొంత పేజీలకీ ఇది పనికొస్తుందని ఆ పత్రంలోనే రాశారు. నాకు ఈ ప్రోటోకాల్ పత్రాలన్నిటిలో ఇష్టమైన నంబరు ఇదే. మర్యాద తెలిసిన నంబరు. అయితే దీనితో ఒక తిరకాసు ఉంది: పోయాను అని చెప్పాలంటే సర్వర్ బతికుండాలి. కరెంటు బిల్లు, డొమైన్ ఫీజు ఎవరో ఒకరు కడుతూ ఉండాలి. సైటు మూసేది ఆ డబ్బు దండగనే కదా. అందుకే నిజంగా మూతబడ్డ సైట్లలో 410 చెప్పేవి అరుదు. కొన్నాళ్ళు ఏమీ ఉండదు, తర్వాత డొమైన్ గడువు తీరుతుంది, ఆ తర్వాత ఎవరో కొనుక్కుని పేకాట ప్రకటనలు పెడతారు. కథల పత్రిక ఉన్న చోట ఆన్‌లైన్ రమ్మీ.

తాత్కాలికంగా ఆపడంలో ఇంకో చిక్కు, వేళ. రాత్రి ఎవరూ ఉండరు కదా అని రాత్రి ఆపుతాం. ఎవరి రాత్రి? ఐఆర్‌సీటీసీకి ఈ గొడవ లేదు. రోజూ రాత్రి 11:45 నుంచి 12:20 దాకా రిజర్వేషన్ ఉండదు. దేశమంతా ఒకే టైము, రైలెక్కేవాళ్ళందరికీ తెలిసిన సంగతి. అలవాటైపోయింది కాబట్టి అసలు నోటీసే అక్కర్లేదు, మధ్యాహ్నం మూసే పోస్టాఫీసు కౌంటర్‌లా. కానీ ప్రపంచమంతా వాడే సైటుకి రాత్రి అనేది లేదు.

2009 జూన్‌లో ట్విట్టర్‌కి ఇది అనుభవంలోకి వచ్చింది. నెట్‌వర్క్ పనుల కోసం సోమవారం రాత్రి, అంటే అమెరికా రాత్రి, గంటన్నర సేపు ఆపాలనుకున్నారు. హోస్టింగ్ సంస్థ ఎన్టీటీ అమెరికాతో కలిసి పెట్టుకున్న మామూలు కార్యక్రమం. మూడు రోజుల ముందు, జూన్ 12న, ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. అహ్మదీనెజాద్ గెలిచినట్టు ప్రకటించగానే టెహ్రాన్ వీధుల్లోకి జనం వచ్చారు. అమెరికా సోమవారం రాత్రి అంటే టెహ్రాన్‌లో మంగళవారం పగలు. ట్విట్టర్ ఆ పనిని మంగళవారం మధ్యాహ్నం రెండుకి మార్చింది, కాలిఫోర్నియా లెక్కలో. టెహ్రాన్‌లో అప్పుడు రాత్రి ఒకటిన్నర, మనకి రెండున్నర. వాయిదా వెయ్యమని అమెరికా విదేశాంగ శాఖ నుంచి ఒక అధికారి కంపెనీని అడిగాడని తర్వాత బయటికొచ్చింది. నిర్ణయం మాదే అంది ట్విట్టర్. ఇరాన్ ఉద్యమంలో ట్విట్టర్ పాత్ర ఎంత అనే దాని మీద చాలా వాదనలు జరిగాయి, నేను అందులోకి పోను. నా ఆసక్తి ఆ కొన్ని గంటల మార్పు మీద. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రాత్రుళ్ళకి అనుగుణంగా పనిచేసే నాలాంటివాళ్ళకి, తక్కువమంది వాడే సమయం అనే మాట ఎంత పక్షపాతమో కొత్తగా చెప్పక్కర్లేదు.

శాశ్వతంగా మూసెయ్యడం వేరే సంగతి. అక్కడ ప్రశ్న వేళ గురించి కాదు, గడువు గురించి.

ఏఓఎల్ హోమ్‌టౌన్ అని ఉండేది, మామూలు జనం సొంత పేజీలు కట్టుకున్న చోటు. 2008 అక్టోబర్ 31న మూసేశారు. అంతకు నెల ముందు చెప్పారు. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమనడానికైనా అంతకంటే ఎక్కువ గడువిస్తారు. ఆ కోపంతోనే జేసన్ స్కాట్ అనే ఆయన కొంతమందిని పోగేసి 2009లో ఆర్కైవ్ టీమ్ మొదలుపెట్టాడు. మూతబడే సైట్లని గడువులోపల వీలైనంత దింపుకుని దాచే వాలంటీర్ల గుంపు. వాళ్ళకి దొరికిన మొదటి పెద్ద పని జియోసిటీస్. 1994లో మొదలై, పేటలుగా, వీధులుగా పేజీలు కట్టుకున్న ఊరు అది. 1999లో యాహూ వందల కోట్ల డాలర్లు పోసి కొన్నది. 2009 ఏప్రిల్‌లో మూసేస్తామంది, అక్టోబర్ 26న మూసేసింది. ఆరు నెలలు. అయినా ఆర్కైవ్ టీమ్‌కి అందినంతే అందింది. జపాన్‌లో వేరే కంపెనీ కింద జియోసిటీస్ ఇంకో పదేళ్ళు బతికింది. అక్కడా 2018 అక్టోబర్‌లో చెప్పి, 2019 మార్చి 31న ఆపారు.

మన తరానికి దగ్గరిది ఆర్కుట్. 2014 జూన్ 30న చెప్పి సెప్టెంబర్ 30న మూశారు. సొంత ఫొటోలు, స్క్రాపులు దింపుకోవడానికి మాత్రం 2016 సెప్టెంబర్ దాకా అవకాశం ఉంచారు. న్యాయంగా చెప్పాలంటే ఇది మంచి పద్ధతి. షాపు మూసినా వెనక గుమ్మం రెండేళ్ళు తెరిచి ఉంచినట్టు. యాహూ గ్రూప్స్ అలా కాదు. 2019 అక్టోబర్‌లో ప్రకటన, డిసెంబర్ 14కల్లా పాత సందేశాలు, ఫైళ్ళు పోతాయని. గోల జరిగాక 2020 జనవరి 31 దాకా పొడిగించారు. రచ్చబండ లాంటి తెలుగు సాహిత్య చర్చలు నడిచింది యాహూ గ్రూప్స్‌లోనే. తెలుగు ఫాంట్లు ఇంకా సరిగ్గా లేని రోజుల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో పద్యాలు రాసుకుని ఛందస్సు గురించి కొట్టుకున్న జనం వాళ్ళు. అలాంటి గుంపులకి రెండు మూడు నెలల్లో పదిహేను ఇరవై ఏళ్ళ సామాను సర్దుకోమని కబురు.

ఈ నోటీసులు వరసగా చదివితే ఒకటి తెలుస్తుంది. అన్నీ ఈమెయిల్లోనే వస్తాయి. అంటే అకౌంట్ ఉన్నవాడికి, వాడు ఇచ్చిన చిరునామాకి. వెబ్ చింపేసిన జాబితా స్థానంలో మనం పెట్టుకున్న జాబితా అదే: పదేళ్ళ క్రితం రిజిస్టర్ చేసినప్పటి ఈమెయిల్స్. రాసినవాళ్ళకి కబురు పోతుంది, చదువుకునేవాళ్ళకి పోదు. పేపర్లో జిల్లా పేజీలో 'నేడు విద్యుత్ సరఫరా నిలిపివేత' అని కాలనీల పేర్లతో వస్తుంది చూడండి, అది మీటరు ఎవరి పేరు మీదుందో అడగదు. ఆ వీధిలో ఉంటే చాలు.

విచిత్రమేమిటంటే యంత్రాలకి మాత్రం ఇప్పుడు చాలా మర్యాదగా చెబుతున్నాం. 2011 నాటి వెబ్‌సాకెట్ ప్రోటోకాల్లో 1001 అనే కోడ్ ఉంది, 'వెళ్ళిపోతున్నా' అని. సర్వర్ ఆగిపోతున్నా అదే కోడు, చదువరి వేరే పేజీకి వెళ్ళిపోయినా అదే కోడు. ఎవరు ఎవరిని వదిలి వెళ్ళినా ఒకటే మాట. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ/2లో 'గో అవే' అని ఒక ఫ్రేమ్ ఉంది. పేరు కటువుగా ఉన్నా పని సున్నితం: ఈ నంబరు దాకా వచ్చినవాటి సంగతి చూస్తాను, ఆ పైన కొత్తవి పంపకు. కౌంటర్ మూసే ముందు గుమాస్తా బయటికొచ్చి, లైన్లో ఒకాయన్ని చూపించి "ఈయన తర్వాత ఎవరూ నిలబడకండి" అన్నట్టు. 2019 మేలో ఆర్‌ఎఫ్‌సీ 8594 వచ్చింది, ఎరిక్ వైల్డ్ రాసింది. పేజీతోపాటు 'సన్‌సెట్' అనే హెడర్ పంపొచ్చు, ఫలానా తేదీ తర్వాత ఇది ఉండకపోవచ్చు అని. అస్తమయం. ఇంత అందమైన పేరు పెట్టి, దాన్ని మనిషి కంటికి కనిపించని చోట పెట్టారు. ప్రోగ్రాములు చదువుకుంటాయి.

నా నోటీసు సంగతి చెప్పి ముగిస్తాను. అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీలో నోట్స్ రాసుకునే చిన్న యాప్ ఒకటి ఉండేది. కావాలంటే ఏ నోట్‌నైనా లింకుగా పంచుకోవచ్చు, ఆ లింకు తెరవడానికి అకౌంట్ అక్కర్లేదు. లాభం లేదని మూసేశారు. నోటీసు నేనే రాశాను. అరవై రోజుల ముందు ఒక మెయిల్, ముప్ఫై రోజులకి ఒకటి, వారానికి ఒకటి. ప్రళయం దగ్గర పడేకొద్దీ. సైటు పైన పసుపు పట్టీ కూడా పెట్టించాను. బాగానే చేశామనుకున్నాను.

మూసిన పదకొండో రోజున ఒకావిడ సపోర్ట్‌కి రాశారు. వాళ్ళ నాన్నగారు మా యాప్‌లో ఒక నోట్ రాసుకున్నారట, చిన్నప్పటి ఊరు, ఎవరి ఇల్లు ఎక్కడ, ఏ బావి ఎవరు తవ్వించారు, ఇలాంటివి. ఆయన పోయి మూడేళ్ళు. ఆవిడ దగ్గర లింకు ఒకటే ఉంది. ఏడాదికోసారి ఆయన తిథి రోజున ఫోన్లో తెరిచి చదువుకుంటారట. మా మూడు మెయిల్సూ ఆయన ఇన్‌బాక్స్‌కి వెళ్ళాయి. పసుపు పట్టీ ఉన్న అరవై రోజుల్లో ఆవిడ రావాల్సిన రోజు లేదు.

బ్యాకప్‌లు ముప్ఫై రోజులుంటాయి, తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. కానీ ఆవిడ అకౌంట్ యజమాని కాదు, ఇవ్వొచ్చో లేదో లీగల్‌ని అడగాలి. అడిగాం. మరణ ధ్రువీకరణ పత్రం తెప్పించాం. ఇరవయ్యారో రోజున సరే అన్నారు. ఆ రాత్రే ఫైలు తీసి పంపించాను. మర్నాడు జవాబొచ్చింది. "చాలా థాంక్సండీ. చిన్న సందేహం, ఇక నుంచి ఆ పాత లింకు నొక్కితే కూడా వస్తుందా? అమ్మ ఫోన్లో కూడా అదే ఉంది, ఆవిడకి ఈ ఫైళ్ళూ అవీ తెలీవు."

రాదండీ అని రాశాను. ఆ లింకులన్నీ నొక్కితే కనీసం 410 వచ్చేలా, పోయింది అని ఒక్క లైనైనా కనిపించేలా పెడదామని టికెట్ వేశాను. డొమైన్ ఇంకా ఏడాది మనదే కదా అని అందులో రాశాను. నేను ఆ కంపెనీ వదిలి వచ్చేటప్పటికి ఆ టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది.